సవరణ: 2.2 బార్ అంటే గేజ్‌లో 2.2 కాదు

మిత్సుబిషి ఎవో కారులోని 4జీ63 టర్బో ఇంజన్‌కి ట్రాక్ మీద బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) 2.2 బార్ అని మొన్న రాశాను. అది ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చూసే అబ్సొల్యూట్, అంటే మొత్తం ఒత్తిడి లెక్క. బయటి గాలి ఒత్తిడి (సముద్రమట్టం దగ్గర సుమారు 1 బార్) కూడా అందులో కలిసే ఉంటుంది. డాష్ మీది గేజ్‌కి ఆ ఒత్తిడే సున్నా. అంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ముల్లు 1.2 దగ్గర ఆగాలి. 2.2 దాకా తోశారో, పిస్టన్లు చేతికొస్తాయి!

రాయగడ తమ్ముళ్లు మంచి ప్రశ్నే వేశారు: మరి ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో? ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడి గాలి 0.91 బారే. అదే 2.2 రావాలంటే గేజ్‌లో దాదాపు 1.3 కావాలి. టర్బో ఇంకా గట్టిగా తిరగాలి, గాలి మరింత వేడెక్కుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) టెన్షన్ పెరుగుతుంది. అక్కడ పెట్టిన 1.3తోనే చెన్నైలో దిగితే 2.3 అవుతుంది. ఈసీయూ మ్యాప్‌లో (ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అని చెప్పే పట్టికలో) ఆ 2.3 గడికి పెట్రోలు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకోకుండా బండి దించొద్దు.