ప్యాకెట్ ధర వరకేనా బాధ్యత?

హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో ఒక షరతు తరచూ కనిపిస్తుంది. దిగుబడి నేల, నీరు, వాతావరణం, సాగు పద్ధతులను బట్టి ఉంటుందనీ, ఏదైనా తేడా వస్తే కంపెనీ బాధ్యత విత్తనం ధర మేరకేననీ దాని సారాంశం. 2025-26 సీజనుకు బీజీ-2 (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన) పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్రం 901 రూపాయలుగా నిర్ణయించింది. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసిన రైతుకు విత్తనం నాసిరకమని రుజువైనా, ఆ షరతు లెక్కన చేతికొచ్చేది 1,802 రూపాయలు. కౌలు, దుక్కి, ఎరువులు, పురుగుమందులు, కూలీ ఖర్చులు కంపెనీకి సంబంధించినవి కావన్నమాట. దాటిపోయిన అదను సంగతి సరేసరి.

కొనుగోలుదారు ఎన్నడూ చదవని, చదివినా కాదనలేని ఇలాంటి రాతకు చట్టంలో చోటెలా దొరికింది? 1930 నాటి వస్తు విక్రయ చట్టం రెండు నాలుకలతో మాట్లాడుతుంది. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి సరుకు కొంటే అది ఆ పనికి వచ్చేదిగా ఉండాలని 16వ సెక్షన్ అంటుంది. ఎవరూ నోటితో చెప్పకపోయినా ఆ షరతు అమ్మకంలో ఇమిడి ఉన్నట్టే. అయితే ఇరుపక్షాలు ఒప్పుకుంటే ఇలాంటి షరతులను తీసేసుకోవచ్చని 62వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. తొలకరి పడిన మర్నాడు డీలరు దుకాణం ముందు వరుసలో నిలబడ్డ రైతు ఏ ఒప్పందం మీద సంతకం చేశాడో చెప్పేవారు లేరు. మనం ఎవరి చట్టాన్ని నమూనాగా తీసుకున్నామో ఆ బ్రిటన్ సైతం వినియోగదారుల కొనుగోళ్లలో ఇలా చేతులు దులుపుకోవడం చెల్లదని 1970లలోనే తేల్చింది. మన లా కమిషన్ 2006లో తన 199వ నివేదికలో అన్యాయపు ఒప్పంద షరతులపై ప్రత్యేక చట్టం కావాలని సిఫార్సు చేసినా అది కాగితం దాటలేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కొంత ఆశ కలిగించింది. 'అన్యాయపు ఒప్పందం' అనే భావనను తెచ్చి, అలాంటి షరతులను రద్దు చేసే అధికారాన్ని వినియోగదారుల కమిషన్లకు ఇచ్చింది. కానీ ఆ అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లదే, జిల్లా కమిషన్లకు లేదు. రెండు ప్యాకెట్ల విత్తనం కొన్న ఆదిలాబాద్ రైతు ఆ చిన్న అక్షరాలను సవాలు చేయాలంటే హైదరాబాద్‌కు, అనంతపురం రైతు విజయవాడకు వెళ్లాలి. లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మకందారు పరిహారం చెల్లించాలంటూ అదే చట్టం ఉత్పత్తి బాధ్యత పేరిట ఒక అధ్యాయాన్ని కొత్తగా చేర్చింది. అందులో 'హాని' నిర్వచనం నుంచి ఆర్థిక నష్టాన్ని మినహాయించింది. విత్తనం మోసం చేస్తే రైతుకు జరిగేదే ఆర్థిక నష్టం. కాబట్టి ఆ అధ్యాయం అతనికి అక్కరకు రావడం కష్టం. లోపమున్న సరుకుపై ఫిర్యాదు చేసే పాత దారే దిక్కు.

ఆ పాత దారిని కాస్త నడవదగ్గదిగా మార్చింది తెలుగు రైతులే. 1998లో మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కేసులో, 2012 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు మన నేల మీద మొదలైన వివాదాలపైనే వచ్చాయి. రెండోది కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు తదితర జిల్లా ఫోరాలు (నేటి జిల్లా కమిషన్లు) రైతులకు పరిహారం ఇప్పించగా కార్పొరేషన్ ఢిల్లీ దాకా లాగిన వ్యవహారం. రైతు వినియోగదారుడే కాదని, విత్తనాల చట్టం ఉండగా ఫోరాలకు పని లేదని, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపి లోపం రుజువు చేయలేదని కార్పొరేషన్ వాదించింది. కోర్టు ఒక్కటీ ఒప్పుకోలేదు. కొన్న విత్తనమంతా రైతు పొలంలో చల్లుకుంటాడు, పరీక్ష కోసం కొంత దాచుకోవాలని ఆశించడం తగదని స్పష్టంగా చెప్పింది. నమూనా ఉండేది కంపెనీ దగ్గర, కాబట్టి పరీక్ష కోరాల్సిందీ కంపెనీయే. 1968 విత్తన నిబంధనల ప్రకారం ప్రభుత్వం నోటిఫై చేసిన విత్తనాలు అమ్మేవారు ప్రతి లాట్ (ఒకే నంబరు కింద వచ్చిన విత్తన రాశి) రికార్డును మూడేళ్లు భద్రపరచాలి. లాట్ మొత్తం అమ్ముడయ్యాక ఏడాది గడిస్తే గానీ నమూనాను పారేయకూడదు. ఈ నిబంధన అమలును తనిఖీ చేసేవారు ఎందరు ఉన్నారో రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలే చెప్పాలి.

కంపెనీల వాదనలో నిజం లేకపోలేదు. విత్తనం మిక్సీ కాదు. వాన ముఖం చాటేసినా, తెగులు సోకినా, నాటిన లోతు ఎక్కువైనా పంట దెబ్బతింటుంది. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు పండి తీరాలని ఏ కంపెనీనీ నిలదీయలేం, నిలదీయాలని మేమూ అనడం లేదు. అయితే మొలక శాతం, జన్యు స్వచ్ఛత (వేరే రకాల కల్తీ లేకపోవడం) పూర్తిగా కంపెనీ చేతిలోని విషయాలు. వరికి కనీసం 80 శాతం, మిరపకు 60 శాతం మొలక రావాలన్నది ప్రమాణం. మొలక రాకపోయినా, మడిలో కేళీలు (వేరే రకం మొక్కలు) కనిపించినా, తోట ఏపుగా పెరిగి కాత లేకపోయినా కారణం వానలో కాదు, ముందుగా సంచిలోనే వెతకాలి. ప్యాకెట్ మీది షరతు ఈ రెండు రకాల నష్టాలనూ ఒకే గాటన కట్టేస్తోంది. మా అభ్యంతరం అక్కడే.

ఇక శిక్షల సంగతి. 1966 విత్తనాల చట్టం కింద మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 500 రూపాయలు మించదు. 2025 నవంబరులో కేంద్రం విడుదల చేసిన కొత్త విత్తనాల బిల్లు ముసాయిదా దీన్ని లక్షల్లోకి పెంచాలని ప్రతిపాదించింది. మంచిదే. కానీ జరిమానా ఖజానాకు చేరుతుంది, పంట పోయింది రైతుకు. మొలక, స్వచ్ఛతల్లో లోపం తేలినప్పుడు బాధ్యతను విత్తనం ధరకు కుదించే ఏ రాతా చెల్లదని కొత్త చట్టంలో ఒక్క సెక్షన్ చేర్చాలి. వినియోగదారుల కొనుగోళ్లకు వస్తు విక్రయ చట్టంలోని 62వ సెక్షన్ వర్తించకుండా సవరించాలి. అన్యాయపు షరతులను కొట్టేసే అధికారం జిల్లా కమిషన్లకూ ఇవ్వాలి.

రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా చేయగలిగిన పని కూడా ఉంది. ఫిర్యాదు అందగానే అధికారులు, శాస్త్రవేత్తలు పొలం చూడాలి, కంపెనీకి ముందుగా నోటీసు ఇచ్చి మరీ చూడాలి. నోటీసు లేకుండా రాసిన నివేదికను కంపెనీ న్యాయవాది సులువుగా తిప్పికొడతాడు. అంతకన్నా ముందు రైతు చేతిలో కొనుగోలు బిల్లు ఉండాలి. అప్పు మీద విత్తనం తీసుకునే చిన్న రైతుకు, ముఖ్యంగా కౌలు రైతుకు, డీలరు ఇచ్చేది చాలాచోట్ల లెక్క రాసిన తెల్ల చీటీయే. దాని మీద లాట్ నంబరు ఉండదు. అప్పిచ్చిన డీలరును రైతు గట్టిగా అడగనూ లేడు. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, సరుకు విలువ ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. ఇన్ని వెసులుబాట్లున్నా ఆ ఒక్క కాగితం లేక కేసు గడప దగ్గరే ఆగిపోతోంది. వచ్చే వానాకాలం అమ్మకాలు మొదలయ్యేలోగా లాట్ నంబరుతో కూడిన బిల్లు ఇవ్వని దుకాణాల లైసెన్సులను సస్పెండ్ చేస్తామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాలి, ఆ మాట అమలు చేయాలి.