బొమ్మను నలుగురూ చూడాలి

డ్రాయింగ్ పీరియడ్‌లో పిల్లలు కుండను చూసి గీసిన బొమ్మను చూసేది సాధారణంగా ఒక్కరే. సారు టిక్కు పెట్టి కింద ‘గుడ్’ అని రాస్తారు, పుస్తకం మూతపడుతుంది. అదే కుండను పక్క బెంచీ అమ్మాయి ఎలా చూసిందో ఈ పిల్లవాడికి తెలియదు. తన కుండ ఎందుకు ఒరిగినట్టుందో చెప్పేవాళ్లూ ఉండరు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చదువంటే సగం ఇదే: గీసినవన్నీ గోడకు పెట్టి, అందరూ నిలబడి మాట్లాడుకోవడం. కిక్కిరిసిన తరగతిలో, ఒక్క పీరియడ్‌లో అది జరగదు. ప్యాడ్‌లెట్, గూగుల్ స్లైడ్స్ లాంటి ఆన్‌లైన్ ఉమ్మడి బోర్డులు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

బొమ్మ కాగితం మీదే గీయాలి. దాన్ని ఫోనుతో ఫొటో తీసి బోర్డు మీద పెడితే, తరగతిలోని ఐఎఫ్‌పీ (బోర్డులా వాడే పెద్ద టచ్ తెర) మీద అందరివీ పక్కపక్కన కనిపిస్తాయి. ఒకరి బొమ్మ కింద మరొకరు రాయవచ్చు. ‘బాగుంది’ అంటే చాలదని, ఏ గీత ఎందుకు నచ్చిందో, నీడ ఎటు పడాల్సిందో రాయాలని టీచరు ముందే చెప్పాలి. లేచి మాట్లాడటానికి జంకే పిల్లలు ఇక్కడ ధైర్యంగా రాస్తారు. టీచరు చూసి ఒప్పుకున్నాకే వ్యాఖ్యలు కనిపించేలా ప్యాడ్‌లెట్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి ఎగతాళికి భయపడనక్కర్లేదు. తొలి స్కెచ్, దిద్దినది, రంగు వేసినది వరసగా ఉంటే బొమ్మ వెనక పిల్లవాడు పడ్డ ఆలోచనకూ మార్కులు వేయవచ్చు.

తెలంగాణలోని చేర్యాలలో కథలను పటాలుగా గీసే నకాషీ చిత్రకారుడు ఒక గంట కేటాయిస్తే ఈ బోర్డు మీదే శ్రీకాకుళం పిల్లల బొమ్మలు చూసి, ఎర్రటి నేపథ్యం మీద మనుషులను ఎలా నిలబెట్టాలో చెప్పగలడు. ఆ గంటకు ఆయనకు డబ్బు ఇవ్వాలి. కళాకారుడి సమయం ఉచితం అనుకునే అలవాటు మనకు పోవాలి.

కానీ తెరను పూర్తిగా నమ్మలేం. ఫోను తనంతట తానే రంగులు మార్చేస్తుంది, ట్యూబ్‌లైటు కింద తీసిన ఎరుపు ఎండలో చూసిన ఎరుపులా ఉండదు. మీటర్ల పొడవు సాగే చేర్యాల పటం, అరచేతిలో పట్టే బొమ్మ తెర మీద ఒకే కొలతలో కనిపిస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదెపాలతో తడిపి ఆరబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి తీసిన రసం ఆ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఆ మార్పు పిల్లల కళ్లముందే జరగాలి. ఏడాదికి ఒక్కసారైనా గుడ్డ, కలం వాళ్ల చేతికి ఇవ్వాల్సిందే.

ఒక్క కంపెనీనే నమ్ముకోవడమూ మంచిది కాదు. ఎందరో టీచర్లు అలవాటు పడ్డ గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో మూతపడింది. బొమ్మల కాపీలు బడి దగ్గరే ఉండాలి. పిల్లల ఫొటోలు, పూర్తి పేర్లు బోర్డు మీద పెట్టకూడదు. 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది.

అసలు బాధ వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గదులకు ఐఎఫ్‌పీలు వచ్చాయి, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. తెర వచ్చింది, దాని ముందు నిలబడాల్సిన డ్రాయింగ్ టీచరు చాలా బడుల్లో లేడు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెప్పింది. అయినా డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకో సైన్సుకో పోతూనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ బోధకుల ఖాళీలను జిల్లాలవారీగా ప్రకటించి, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు భర్తీ చేయాలి. ఉమ్మడి బోర్డుల మీద శిక్షణ వాళ్ల నుంచే మొదలుపెట్టాలి.