కొబ్బరి నూనె వేస్తే పల్చబడదు

మా మేనల్లుడు మద్దిలపాలెంలో హాస్టల్‌లో ఉంటాడు. మొన్న వాళ్ల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఒకటి పంపి, "మావయ్యా, ఇది కరెక్టేనా?" అన్నాడు. వేప్ లిక్విడ్, అంటే ఈ-సిగరెట్‌లో పోసే ద్రవం, ఇంట్లో కలుపుకునే పద్ధతట. మెడికల్ షాపు గ్లిజరిన్ చాలు, చిక్కగా ఉంటే నాలుగు చుక్కలు కొబ్బరి నూనె వేయండి, పల్చబడితే ఊపిరితిత్తులకు తేలిక, నికోటిన్ లేదు కాబట్టి కేసు భయం లేదు. ఒక్కటీ నిలబడే మాట కాదు.

ముందు కొబ్బరి నూనె సంగతి. గ్లిజరిన్‌లో నూనె కరగదు. ఎంత గిలక్కొట్టినా కాసేపు మజ్జిగలా తెల్లబడి, మళ్లీ పైకి తేలుతుంది. ఆ నూనె పొగతో పాటు లోపలికి పోతే ఊపిరితిత్తులు దాన్ని వదిలించుకోలేవు. లైపాయిడ్ న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల్లో నూనె చేరి వచ్చే వాపు, వచ్చేది అలాగే. 2019లో అమెరికాలో వేప్ తాగినవాళ్లు వరసగా ఆస్పత్రుల పాలైతే, ప్రధానంగా దొరికిన దోషి విటమిన్ ఇ అసిటేట్. అదీ నూనెలాంటిదే. గంజాయి నూనె సరుకు చిక్కగా కనబడాలని కలిపారు! 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, అందులో 68 మరణాలు.

చిక్కదనాన్ని నిజంగా మార్చేది, గ్లిజరిన్‌తో పాటు వేప్ లిక్విడ్‌లో వాడే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే పల్చటి ద్రవం ఎంత వంతు కలిపారన్నది. గ్లిజరిన్ దానికంటే 20 రెట్లకు పైగా చిక్కన. పైగా 20 డిగ్రీల దగ్గరున్న గ్లిజరిన్ 30 డిగ్రీలకు వచ్చేసరికి సగానికి పైగా పల్చబడుతుంది. మే నెల విశాఖ ఉక్కలో సరిగ్గా కుదిరిందనుకున్నది డిసెంబరులో పాకంలా బిగుస్తుంది. కంటి అంచనా అందుకే పనికిరాదు.

సరే, పల్చగానే కుదిరిందనుకుందాం. ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు. చిక్కనైతే వేప్ లోపలి దూదికి అందక మాడు వాసన, పల్చనైతే కారడం, అంతవరకే దాని సంగతి. ద్రవాన్ని వేడిచేసే తీగ, అదే కాయిల్, బాగా వేడెక్కితే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ రెండింట్లోంచీ ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి.

చట్టం మాట రెండు ముక్కల్లో: 2019 ఈ-సిగరెట్ల నిషేధ చట్టం నిర్వచనంలోనే నికోటిన్ ఉన్నా లేకున్నా అని ఉంది. తయారీ, అమ్మకాలకు మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక మెడికల్ షాపు గ్లిజరిన్. కొన్న సీసా ఫొటో తీసి పంపమన్నాను. పంపాడు. లేబుల్ మీద "పైపూతకు మాత్రమే" అని ఉంది.