సవరణ: శాగ్ కొలతలో నా పొరపాటు

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ వెనక సస్పెన్షన్ మీద మొన్న పెట్టిన పోస్టులో శాగ్ (బరువు పడినప్పుడు సస్పెన్షన్ కిందికి దిగే దూరం) 32 మి.మీ. వచ్చిందనీ, తక్కువగా ఉంది కాబట్టి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందుగానే నొక్కి ఉంచే బిగింపు) వదులు చేయాలనీ రాశాను. అది తప్పు. బండి నేల మీద తన బరువుతో నిలబడి ఉన్నప్పుడే మొదటి కొలత తీసుకున్నాను.

సస్పెన్షన్ పని తెలిసిన మెకానిక్ ఒకాయన చెప్పాక తెలిసింది. షాక్ అబ్జార్బర్ తయారీదారుల సెటప్ గైడ్‌లలోనూ అదే ఉంది: మొదటి కొలత చక్రం గాలిలో పూర్తిగా వేలాడుతున్నప్పుడు తీయాలి. సెంటర్ స్టాండ్ వేస్తే వెనక చక్రం ఎలాగూ లేస్తుంది. యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా పైన బండి బాడీ మీద టేపు అంటించి, అక్కడి వరకు కొలవాలి. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్, జాకెట్‌తో కూర్చుంటే ఇంకొకరు కొలవాలి. ఆ తేడాయే రైడర్ శాగ్.

మళ్లీ కొలిస్తే బండి సొంత బరువుకే 21 మి.మీ. దిగింది, నేను కూర్చున్నాక మొత్తం 53. వెనక ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం దూరం) 180 మి.మీ.; రోడ్డుకి అందులో సుమారు 30 శాతం, అంటే 54 సరిపోతుంది. అసలు ముట్టుకోవాల్సిన పనే లేదు!

ప్రీలోడ్ తగ్గిస్తే స్ప్రింగ్ మెత్తబడుతుందన్నదీ సరికాదు. గట్టిదనం అంతే ఉంటుంది, బండి వెనక ఎత్తు తగ్గుతుంది. నా మాట విని వదులు చేసినవాళ్లు ప్రీలోడ్ రింగును పాత స్థానానికి తిప్పేయండి.