గా అర పాయింట్‌కు, హనుమకొండ నుంచి

అర పాయింట్ గారికి,

మిమ్మల్ని 'గారు' అనాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఉన్నదే సగం, మర్యాద మాత్రం పూర్తిగా ఎందుకని అందులోనూ సగం కోస్తే 'గా' మిగిలింది. మా దిక్కు 'గా' అంటే 'ఆ' అని. "గా అర పాయింట్ లేకపోతేనా..." అని మా బావ ఏళ్ల తరబడి మిమ్మల్ని తలుచుకునేది కూడా అలాగే. కాబట్టి ఎలా పిలిచినా మీకు అలవాటే.

ముందు మా సంగతి చెప్తాను. నయీంనగర్‌లో ఓ చాయ్ బండి దగ్గర ఫార్ములా వన్ కార్ల రేసుల గురించి మాట్లాడుకునేది ఇద్దరమే: నేనూ మా బావా. ఆయన లూయిస్ హామిల్టన్ పార్టీ, నేను మాక్స్ వెర్‌స్టాపెన్ పార్టీ. మిగతావాళ్లకు మేం ఏ ఎలక్షన్ గురించి కొట్లాడుకుంటున్నామో ఇప్పటికీ తెలియదు. వన్ బై టూ చెప్పి గంటన్నర కూర్చునే గిరాకీ అంటే ఆ బండాయనకు ఎంత ముద్దో మీకు వేరే చెప్పాలా?

మీరు మా ఇంట్లో అడుగుపెట్టింది 2021 ఆగస్టు 29న. బెల్జియంలో స్పా రేసు, మనకు సాయంత్రం ఆరున్నరకు మొదలవ్వాలి. అక్కడ వాన. ఏడైంది, ఎనిమిదైంది, తొమ్మిదైంది. అక్క అన్నం రెండుసార్లు వేడి చేసింది. టీవీలో గొడుగులు తప్ప ఏమీ లేవు. పది దగ్గర పడ్డాక కార్లు బయటికొచ్చి, ప్రమాదమప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వెనకాల కొన్ని చక్కర్లు కొట్టాయి. దాటడం నిషిద్ధం. మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు మీద బస్సు వెనక బస్సు పోయినట్టు పోయి, మళ్లీ ఆగిపోయాయి. రేసు అయిపోయిందన్నారు. మొదటి చక్కర్ అయ్యేసరికి ఎవరెక్కడున్నారో చూసి సగం సగం పాయింట్లు పంచారు: మాక్స్‌కు 12.5, రసెల్ అనే ఇంకో డ్రైవర్‌కు 9, లూయిస్‌కు 7.5.

అక్క కంచాలు పెడుతూ ఒక్క మాటంది. "వానల ఒగలెనక ఒగలు పోతే పాయింట్లిస్తరా? గట్లయితె బిడ్డను బడికి తోలుకపోయేటందుకు నాకెన్ని రావాలె?"

అప్పుడే మేం మీ సంగతి వదిలేసి ఉంటే బాగుండేది. డిసెంబర్ దాకా మీరు మూలన కూర్చున్నారు. ఏడాది పాయింట్లన్నీ కూడితే ఎక్కువున్నవాడే చాంపియన్. చివరి రేసుకు అబుదాబి చేరేసరికి చూస్తే ఇద్దరికీ 369.5. 1974లో ఫిట్టిపాల్డీ, రెగజోనీ చెరో 52తో ఆఖరి రేసుకు వెళ్లాక, ఇలా సమానంగా నిలబడటం అదే మొదటిసారి. తేడా ఏమిటంటే వాళ్ల పక్కన మీరు లేరు. వీళ్లిద్దరి పక్కనా ఉన్నారు.

నా లెక్క ప్రకారం మీరు నిర్దోషి. అటో సగం, ఇటో సగం ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదా. కానీ మా బావ ముందర లెక్కలు నడవవు. ఓ పాంప్లెట్ వెనక, చాయ్ గ్లాసు గుండ్రంగా అచ్చు పడ్డ చోట, పెన్నుతో రాసి చూపించాడు. స్పా రేసే లేదనుకో, లూయిస్ 362, మాక్స్ 357, మావాడు అయిదు ముందు. పెన్ను నేను తీసుకున్నాను. స్పాకు పూర్తి పాయింట్లిచ్చారనుకో, మాక్స్ 382, లూయిస్ 377, మావాడే అయిదు ముందు. ఒక్క కాగితం మీద ఇద్దరం గెలిచాం. బండాయన వచ్చి ఆ కాగితంలోనే ఎవరికో మిర్చి బజ్జీ కట్టిచ్చాడు.

అబుదాబిలో ఏం జరిగిందో మీకూ తెలుసు. 58 ల్యాపుల (చక్కర్ల) రేసులో 53వ ల్యాపులో లతీఫీ అనే డ్రైవర్ గోడకు గుద్దాడు, సేఫ్టీ కారు వచ్చింది. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ముందున్న లూయిస్‌కూ వెనకున్న మాక్స్‌కూ మధ్య ఉన్న అయిదు కార్లను మాత్రమే ముందుకు పంపించాడు. మిగిలిన ఒకే ఒక్క ల్యాపులో మాక్స్ కొత్త టైర్లతో దాటేశాడు. 395.5కు 387.5. మర్నాడు నేను కాలర్ ఎగరేసుకుంటూ వెళ్లి, "బావా, నువ్వన్నట్టే స్పా తీసేద్దాం. అప్పుడు 383, 380. అయినా మావాడే" అన్నాను.

బావ చాయ్ ఊదుకుంటూ తాపీగా అన్నాడు: "అయిదు ముందున్నోని నడక వేరే ఉంటది, బామ్మర్ది. ఇద్దరు గుద్దుకొని ఇంటికి పోతే టైటిల్ ఎవనికి? సమానంగుంటె తొమ్మిది రేసులు గెలిచిన నీవోనికి, మావోనియి ఎనిమిదే. గందుకే మొదటి ల్యాపుల మావోడు గుద్దుడు తప్పిచ్చి రోడ్డు దిగిండు. అయిదు ముందుంటె దిగునా?"

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ మంట మీ మీద తీర్చుకుందామని మీ పాత చరిత్ర తవ్వాను. మా దిక్కు అర తులం దగ్గర ఆగిపోయిన పెళ్లిళ్లున్నాయి గానీ, మీరు 1984లో చేసింది అంతకన్నా ఘోరం. మొనాకోలో కుండపోత. ముందున్న ప్రోస్ట్, రేసు ఆపండని చేయి ఊపాడు. వెనక సెన్నా అనే కొత్త పిల్లాడు తరుముకొస్తున్నాడు మరి. ఆపారు, ప్రోస్ట్ గెలిచాడు, 9కి బదులు 4.5 వచ్చాయి. రేసు పూర్తిగా నడిచి, సెన్నా దాటేసి, ప్రోస్ట్ రెండోవాడిగా వచ్చినా 6 దక్కేవి! ఏడాది చివర లౌడాకు 72, ప్రోస్ట్‌కు 71.5. అయిదు రేసులు గెలిచినవాడు చాంపియన్, ఏడు గెలిచినవాడు చప్పట్లు కొట్టాడు. అడిగి మరీ మిమ్మల్ని తెచ్చుకున్న మనిషిని అలాగేనా చూసుకునేది?

ఇంకాస్త తవ్వితే 1975 దొరికింది. స్పెయిన్‌లో ఘోర ప్రమాదం జరిగి రేసు ఆపేశారు. ఆరో స్థానంలో ఉన్న ఇటలీ డ్రైవర్ లెల్లా లొంబార్డీకి ఒకటిలో సగం దక్కింది. ఫార్ములా వన్ చాంపియన్‌షిప్‌లో పాయింట్ సాధించిన మహిళ ఆమె ఒక్కరే, ఆమె మొత్తం ఆస్తి మీరే. ఇక్కడ మాత్రం మిమ్మల్ని తిట్టడానికి నోరు రాలేదు. మా మేనకోడలికి ఈ ముచ్చట చెప్తే, "మరి ఆమె ఇంకో సగం ఎవల దగ్గరుంది, మామా?" అంది. బావ వైపు చూశాను. ఆయన ఫోన్‌లో ఏదో చాలా ముఖ్యమైంది చూసుకుంటున్నాడు.

ఇంతకీ ఇదంతా మీకు రాయడం దండగే. స్పా తర్వాత మిమ్మల్ని పీకేశారు. 2022 నుంచి సేఫ్టీ కారు లేకుండా కనీసం రెండు ల్యాపులు నడవందే పాయింట్లే లేవు. అరకొర రేసులకు వేరే పట్టికలు రాసి, 12.5 రావాల్సిన చోట ముచ్చటగా 13 పెట్టారు. 2025లో నోరిస్ 423, మాక్స్ 421. నిండు అంకెలు, మీ జాడే లేదు. అయినా మేం ఆ రెండు పాయింట్ల గురించి పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. పదకొండో నిమిషంలో బావ, "గా స్పా రేసు ఉండె సూడు..." అని మొదలుపెట్టాడు.

చివరిగా ఒక చిన్న బాకీ. ఆ డిసెంబర్‌లో చాయ్‌కు పదిహేను రూపాయలైంది, చెరి ఏడున్నర. బావ ఏడు రూపాయలు బల్ల మీద పెట్టి, "మిగిలిన ఆఠాణా మీ స్పాల తీసుకో" అని స్కూటర్ ఎక్కాడు. ఎనిమిది నేనే ఇచ్చాను. ఆ ఆఠాణా మీ దగ్గర ఉంటే పంపించండి.

ఇట్లు,
మాక్స్ పార్టీ బామ్మర్ది,
నయీంనగర్