వరిపిట్ట మన వైపు రాకపోవడంపై గోదావరి జిల్లాల అభ్యంతరం

గోదావరి జిల్లాలకు జరిగిన అన్యాయాల చిట్టా చిన్నదేం కాదు. అయినా అందులో ఇంతవరకూ ఎవరూ రాయని పద్దు ఒకటి మిగిలిపోయింది. పసుపు ఎద బంటింగ్ అనే వలస పాటపిట్ట ఒకటుంది, మనం వరిపిట్ట అందాం. అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చూపించే పటంలో మన డెల్టాకు రంగే వెయ్యలేదు.

ఇది ఎండాకాలమంతా రష్యాలోని తడి పచ్చిక బయళ్లలో, పొదల్లో కాపురం ఉంటుంది. ఒకప్పుడు పడమట ఫిన్లాండ్ నుంచి తూర్పున కమ్చాట్కా, జపాన్ దాకా దీని పాటే వినిపించేది. చలికాలానికి దక్షిణ చైనా, థాయ్‌లాండ్, కంబోడియా, మయన్మార్, బంగ్లాదేశ్, నేపాల్ వైపు దిగుతుంది. మన దేశానికీ వస్తుంది కానీ ఈశాన్య రాష్ట్రాలు, హిమాలయాల దిగువ ప్రాంతాలు చూసుకుని వెనక్కి వెళ్లిపోతుంది. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి అస్సాం దాకా వచ్చిన పిట్ట అమలాపురం రాలేకపోయిందా? ఇది దూరం సమస్య కాదు, చిన్నచూపు.

దానికి కావలసినవన్నీ మన దగ్గర లేవా అంటే ఉన్నాయి. వరి చేలంటే దానికి ప్రాణం, చైనాలో దాన్ని వరిపూల పిట్ట అనే పిలుస్తారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి వెళ్లిన దగ్గర్నుంచీ మనకు వరి తప్ప వేరే ధ్యాస ఉందా? (మధ్యలో కొన్ని వేల ఎకరాలు రొయ్యల చెరువులయ్యాయి. ఆ సంగతి పిట్టకు చెప్పకపోతే సరి.) రాత్రిళ్లు గుంపుగా పడుకోవడానికి దానికి రెల్లు పొదలు కావాలి. మన లంకల్లో ఇంకేం ఉంది? పైగా అది మన దేశంలో ఉండేది చలికాలం, అంటే సంక్రాంతి కూడా అందులోనే. కొత్తల్లుడి ముందు వంద రకాలు పెట్టి ఇంకో గరిట వడ్డించే జిల్లాలివి. ఎటొచ్చీ చిన్న తేడా ఉంది. అల్లుణ్ణి విస్తరి ముందు కూర్చోబెడతాం, పిట్టనైతే విస్తరిలో.

ఇక ఆ పిట్ట హోదా సంగతి. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ఎర్ర జాబితా ఒకటుంది, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ వాళ్లది. 2004 ముందు వరకూ అందులో మన పిట్టది ఆఖరి బల్ల, ‘దీని గురించి దిగులు లేదు’ అనే తరగతి. 2004లో ముప్పుకు చేరువ అన్నారు. 2008లో ముప్పు వచ్చేసింది అన్నారు. 2013లో అంతరించే ప్రమాదం, 2017లో ఆ ప్రమాదమే అతి తీవ్రం. పదమూడేళ్లలో నాలుగు ప్రమోషన్లు! మన మండలాఫీసులో డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ పాసై, పైవాడు ఎప్పుడు రిటైరవుతాడా అని పాతికేళ్లుగా చూస్తున్న జూనియర్ అసిస్టెంట్‌కి ఈ ముక్క చెప్పకండి, బీపీ పెరుగుతుంది. ఇంకొక్క మెట్టెక్కితే అడవిలో పిట్టే ఉండదు. ఆ పైది కూడా దాటితే అసలు లోకంలోనే ఉండదు. అంత పెద్ద పదవి అన్నమాట.

ఇంత వేగంగా ఎలా ఎదిగింది? దాన్ని తిన్నారు, అంతే. ఆ పిట్ట బరువు పాతిక గ్రాములు అటూ ఇటూ. ఈకలు పీకాక మిగిలేది మన గారె ముక్కంత కూడా ఉండదు. కానీ అది ఒంటికి బలమని, మగతనానికి మరీ మంచిదని దక్షిణ చైనాలో ఒక నమ్మకం. వేలకొద్దీ పిట్టలు రెల్లులో నిద్రపోతుంటే వలలు కట్టి పట్టేవారు. 1997లో చైనా ప్రభుత్వం ఈ వేటను నిషేధించింది. నిషేధం వల్ల ఏం జరుగుతుందో మనకు తెలియనిదా, ధర పెరుగుతుంది. నిషేధం వచ్చిన నాలుగేళ్లకు, 2001లో, ఒక్క గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోనే పది లక్షల పిట్టలు తిన్నారని అంచనా. 1980 నుంచి 2013 మధ్య వాటి సంఖ్య 84 నుంచి 95 శాతం దాకా పడిపోయిందని 2015లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఫిన్లాండ్ వైపు కాపురాలన్నీ ఖాళీ, పడమటి సరిహద్దు ఐదు వేల కిలోమీటర్లు తూర్పుకు జరిగిపోయింది. చైనా దానికి మొదటి తరగతి రక్షణ ఇచ్చింది 2021లో. అప్పటికి రక్షించాల్సినవి తక్కువే కాబట్టి పని తేలిక.

దీనికి చైనావాళ్లను తిట్టేవాళ్లున్నారు. నేను ఆ మాట అనను. ఏ గోదావరి వాడూ అనకూడదు. ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అన్నవాళ్లం మనం. పులస కూడా వలస జీవే. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస, దాని మొహం చూసేవాడు ఉండడు. గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస, అక్కడి నుంచి వేలం పాట. ఎందుకు వస్తోందో తెలిసీ దారిలోనే పడతాం. ఏటేటా తక్కువ పడుతోందని పేపర్లో చదువుతాం, చదివి అయ్యో అనుకుని, ఆ తక్కువలో మన వాటా పక్క వీధివాడికి పోకూడదని ముందే అడ్వాన్స్ ఇస్తాం. చేప దొరక్కపోతే దాని గౌరవం పెరుగుతుంది, అది వండించినవాడి గౌరవం ఇంకా పెరుగుతుంది. గ్వాంగ్‌డాంగ్‌లో విందు ఇచ్చే పెద్దమనిషికీ, మన పెదబాబుకీ మధ్య తేడా మసాలాలోనే.

ఇంకో విషయం. ఆ ఎర్ర జాబితాలో మన పులస జాతి ఇప్పటికీ ‘దిగులు లేదు’ తరగతిలోనే ఉంది. 2004 ముందు వరిపిట్ట కూర్చున్న బల్లే అది. కాబట్టి తినడానికి సాంకేతికంగా అభ్యంతరం ఏమీ లేదు, ప్రమోషన్ వచ్చాక చూసుకుందాం.

వరిపిట్ట తరఫున ప్రభుత్వానికి ఒక అర్జీ కూడా రాశాను: దాన్ని మన డెల్టాకు రప్పించాలని, కోరింగ మడ అడవుల పక్కన ఒక బోర్డు పెట్టాలని. అర్జీ చదివిన మా బావమరిది ఒక్కటే అడిగాడు, “అది పులుసుకి బావుంటుందా, వేపుడికా?” అర్జీ ఇంకా పోస్ట్ చెయ్యలేదు.

ఈలోగా యానాం నుంచి కుర్రాడు ఫోన్ చేశాడు. ఈ ఏడు పులస మరీ పలచగా ఉందట, పొద్దున్నుంచి వల వేస్తే ఒక్కటే పడిందట. చిన్నదే కానీ కడుపు నిండా జన, అదే గుడ్లు, ఉందట. వేరేవాళ్లు అడుగుతున్నారు, ఏం చెయ్యమంటారండీ అన్నాడు.

ఇంకేం చేస్తాం, తెచ్చెయ్యమన్నాను.