స్ఫూర్తి పొందుట ఎట్లు: యానిమేటర్ విధులు, బాధ్యతలు

యానిమేటర్ అన్నవాడు, అంటే సినిమాల్లో బొమ్మల్ని కదిలించేవాడు, ఎల్లవేళలా స్ఫూర్తితో ఊగిపోతూ ఉండాలన్నది ఇప్పుడు దాదాపు చట్టం అయిపోయింది, ఎవరు పాస్ చేశారో తెలీదు గానీ పాటించనివాళ్లకి శిక్ష మాత్రం పడుతూనే ఉంది. ప్లంబర్‌ని పట్టుకుని "ఈ మధ్య మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతోందండీ" అని ఎవరూ అడగరు, పైపు కారకపోతే చాలు. ఆడిటర్‌ని "మీ కమ్యూనిటీ ఎక్కడ" అని ఎవరూ నిలదీయరు. మాకు మాత్రం షాట్ టైమ్‌కి ఇస్తే సరిపోదు, ఇచ్చేటప్పుడు కళ్లలో ఒక వెలుగు కూడా ఉండాలి. అది మానిటర్ వెలుగైనా పర్లేదు, ఉండాలి అంతే.

ఇంత గంభీరమైన విషయం మీద బాధ్యతగా ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి ఆ బరువేదో నేనే నెత్తికెత్తుకుంటున్నా.

ముందు లెక్క చూద్దాం. సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే పద్ధతిలో ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకి 12 బొమ్మలు కావాలి. కంప్యూటర్ వచ్చింది కదా అదే చేసేస్తుంది అనుకునేవాళ్లకి ఒక దండం. పెద్ద సినిమా స్థాయిలో ఒక మనిషి వారమంతా కూర్చుంటే తేలేది మూడు నాలుగు సెకన్లు. అంటే సోమవారం పొద్దున్నే మీకు మహత్తరమైన స్ఫూర్తి కలిగిందనుకోండి, దాన్ని చెడిపోకుండా శుక్రవారం దాకా కాపాడుకోవాలి, మధ్యలో మంగళవారం రిగ్ (బొమ్మని కదిలించడానికి లోపల పెట్టే ఎముకల గూడు లాంటిది) బ్రేక్ అవుతుంది, బుధవారం కెమెరా మారుస్తారు, గురువారం సాయంత్రం ఆ క్యారెక్టర్‌కి కొత్తగా టోపీ పెట్టారని తెలుస్తుంది, మీరు ప్రాణం పెట్టి చేసిన తల గోక్కునే పోజులో వేళ్లు సరాసరి టోపీలోంచి దూరి అవతలికి వచ్చేస్తాయి. ఇన్నింటిని తట్టుకునే స్ఫూర్తి మామూలుగా దొరకదు, వేటాడాలి.

వేట అంటే ఏం లేదు, సేవ్ చేయడం. ప్రతి యానిమేటర్ దగ్గరా రెఫరెన్స్ అనే ఫోల్డర్ ఒకటుంటుంది, అందులో 'చూడాలి' అని ఒకటి, 'తప్పక చూడాలి' అని ఇంకొకటి, మూడోదానికి పేరు కూడా పెట్టే ఓపిక ఉండదు. చిరుతపులి పరుగు, ముసలాయన కుర్చీలోంచి లేవడం, గాలికి ఎగిరే ప్లాస్టిక్ కవర్, నీళ్లలో పడ్డ పిల్లి, అన్నీ ఉంటాయి. షాట్‌లో పిల్లి వచ్చిన రోజున ఆ ఫోల్డర్ ఉన్న సంగతే గుర్తుండదు, మళ్లీ కొత్తగా వెతికి, దొరికిన కొత్త పిల్లిని కూడా తీసుకెళ్లి అందులోనే పడేస్తాం. ఈ ఫోల్డర్ హార్డ్ డిస్క్‌లో పెరిగేకొద్దీ మనిషిలో స్ఫూర్తి పెరుగుతుందని ఒక నమ్మకం, దాన్ని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు, పరీక్షించకపోవడమే మంచిది.

రెండో మార్గం, అర్ధరాత్రి మంచంలో పడుకుని ఇతరుల రీల్స్ చూడటం. ఎవరో పందొమ్మిదేళ్ల పిల్లాడు "సెలవుల్లో ఖాళీగా ఉండి సరదాగా చేశా" అని ఒక క్లిప్ పెడతాడు, మీరు ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి చేసిందంతా కలిపినా దానికి సరితూగదు. అప్పుడు గుండెలో ఒక మంట వస్తుంది. బయటి లోకం దీన్ని అసూయ అంటుంది, వాళ్లకి కళ గురించి తెలీదు కాబట్టి. ఆ మంటతోనే ఫోన్ పక్కన పెట్టి, రేపట్నుంచి రోజూ పొద్దున ఒక గంట స్కెచింగ్ అని అలారం పెట్టుకుని పడుకోవాలి. అలారం మోగాక ఏం చేయాలన్నది ఎవరి అంతరాత్మకి వాళ్లే చెప్పుకోవాలి.

అసలు స్ఫూర్తి మాత్రం జీవితాన్ని గమనించడంలో ఉంది అంటారు పెద్దలు. నిజమే. బరువు ఎత్తే షాట్ వచ్చిందనుకోండి, ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి మెట్ల దగ్గర పెట్టి ఖాళీ అట్టపెట్టెని ఎత్తుతూ మనల్ని మనమే షూట్ చేసుకుంటాం, ముఖంలో నొప్పి చూపిస్తాం, మెడ నరాలు బిగిస్తాం, కింద నుంచి వచ్చే అకౌంట్స్ ఆవిడ చూసి ఏమీ అనకుండా లిఫ్ట్ వైపు తిరిగిపోతుంది. రివ్యూలో టీమ్ లీడ్ చూసి "బరువు తెలీట్లేదమ్మా" అంటాడు. తెలీదు మరి, పెట్టెలో ఏముందని? నిజంగా బరువున్న వస్తువైతే చేతులు లేవకముందే నడుం కిందకి దిగాలి, కాళ్లు ఎడంగా జరగాలి, ఒళ్లు ఒక్క క్షణం వెనక్కి వాలాలి, పట్టు బిగిశాక కూడా పెట్టె కొన్ని ఫ్రేములు మొరాయించాలి. ఖాళీ పెట్టె మొరాయించదు, చెయ్యి వేస్తే లేచొస్తుంది. మా టీమ్‌లో ఒకడు పట్టుదలకి పోయి పెట్టె నిండా ప్రింటర్ పేపర్ కట్టలు పేర్చి ఎత్తాడు, నడుం పట్టేసింది. ఆ టేక్ బ్రహ్మాండంగా వచ్చింది. వాడు లీవులో ఉండగా మేమందరం దాన్నే వాడుకున్నాం, ఇప్పటికీ వాడుతున్నాం, అంత స్ఫూర్తిదాయకమైన వీడియో మా సర్వర్‌లో ఇంకోటి లేదు.

ఇక కమ్యూనిటీ. మనలాంటివాళ్లని వెతుక్కోండి, వాళ్లతో కలవండి, మీ పని పంచుకోండి అని ప్రతి స్పీకరూ స్టేజి ఎక్కి చెప్తాడు. ఈ పంచుకోవడం అన్న దగ్గరే ఎన్డీఏ, అంటే పని సంగతులు బయటపెట్టనని మనం సంతకం పెట్టిన ఒప్పందం, అడ్డొస్తుంది. సినిమా రిలీజ్ అయ్యేదాకా షాట్ ఎవరికీ చూపించకూడదు, పేరు చెప్పకూడదు, ఇంట్లోవాళ్లకి కూడా. అందుకని ఇద్దరు యానిమేటర్లు కలిస్తే జరిగే మేధోమథనం ఇలా ఉంటుంది:

"ఏం చేస్తున్నావ్ రా ఇప్పుడు?"

"ఒక ప్రాజెక్ట్."

"ఏ ప్రాజెక్టో?"

"చెప్పకూడదు మామా."

"నాదీ అంతే."

"కష్టంగా ఉందా?"

"చెప్పకూడదు."

ఇద్దరూ చేస్తున్నది ఒకే సినిమా. ఒకే సీక్వెన్స్. వీడు నాలుగో షాట్, వాడు ఐదో షాట్. వీడి షాట్ చివర్లో ఎడమ కాలు ముందుంటే వాడి షాట్ మొదట్లో కుడి కాలు ముందుంది, అది ఎడిట్‌లో తేలాక సరిచేయమని ఇద్దరికీ ఒకే నోట్ వస్తుంది, కమ్యూనిటీ అంటే అదే.

సరే, రిలీజ్ అయింది, ఇప్పుడు చూపించుకోవచ్చు అనుకుంటే ఈలోపు మీ కాంట్రాక్టు అయిపోయి ఉంటుంది. పేరు క్రెడిట్స్‌లో వస్తుంది, హాల్లో లైట్లు వేసి సీట్ల మధ్య చెత్త ఏరే టైమ్‌కి. అప్పటిదాకా కూర్చున్న నలుగురూ ఎవరో తెలుసుకోవాలంటే ముఖాలు చూడక్కర్లేదు, అందరూ ఫోన్ ఎత్తి పట్టుకుని తమ పేరు కోసం స్క్రీన్ ఫోటో తీస్తుంటారు, అందరి ఫోటోలూ షేక్ అయ్యే వస్తాయి.

ఫీడ్‌బ్యాక్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. "నిర్మొహమాటంగా చెప్పండి, నేను ఏమీ అనుకోను" అని క్లిప్ పెట్టినవాడికి నిర్మొహమాటంగా చెప్పకూడదు, ఇది మొదటి పాఠం. కింద నిప్పు ఎమోజీలు మూడు పెట్టి వెళ్లిపోవాలి, రేపు మన క్లిప్ కింద వాడూ మూడు పెడతాడు, ఈ నిప్పు ఇచ్చిపుచ్చుకోవడాన్నే నెట్‌వర్కింగ్ అంటారు. ఇందులో ఎవరి వీడియో ఎవరూ చివరిదాకా చూడరు, చూడక్కర్లేదు కూడా, అదే దాని అందం.

కానీ ఈ చక్కటి వ్యవస్థని పాడుచేసే మనిషి ఒకడు ప్రతి టీమ్‌లోనూ ఉంటాడు. మీరు నడక షాట్ ఒకటి రోజంతా కదలికల్ని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో కూర్చుని దువ్వి దువ్వి నున్నగా చేసి ప్లేబ్లాస్ట్ అనే కచ్చా వీడియో తీసుకుని తృప్తిగా వెనక్కి వాలి చూస్తుంటారు, వాడు నీళ్ల బాటిల్ నింపుకోవడానికి మీ వెనకగా పోతూ, ఆగకుండానే, "41లో మోకాలు పాప్ అవుతోంది" అనేసి వెళ్లిపోతాడు. మీరు చూస్తారు. ఏమీ లేదు. మళ్లీ చూస్తారు. ఒక్కో ఫ్రేమూ జరుపుతారు, 40, 41, 42. ఉంది. నడుం కాస్త ఎక్కువ ముందుకి పోయింది, వెనక కాలు సాగడానికి ఇంక చోటు లేక ఒక్క ఫ్రేములో టక్కున నిటారైపోయింది. సెకనులో 24వ వంతు. సరిచేద్దామని నడుం వెంట్రుకవాసి దించుతారు, తల వెళ్లే దారి వంకరపోతుంది, తల సరిచేస్తే భుజం మొరాయిస్తుంది, రాత్రి తొమ్మిదవుతుంది. సినిమా చూసే కోట్ల మందిలో ఆ మోకాలిని చూసేవాడు పుట్టలేదు. డైరెక్టర్ చూడలేదు, క్లయింట్ చూడలేదు, నిర్మాతకైతే ఆ క్యారెక్టర్‌కి మోకాళ్లు ఉన్నాయని కూడా తెలీదు. వీడొక్కడే చూశాడు. ఇలాంటి మనుషుల్ని ఏం చేయాలన్నది పరిశ్రమ తీవ్రంగా ఆలోచించాలి, ఎందుకంటే వీళ్లు లీవు పెట్టిన రోజున ఎందుకో ఎవరికీ పని సాగదు.

కలిసికట్టుగా ఉంటే ఏమవుతుందో చరిత్ర చూస్తే ఇంకా భయమేస్తుంది. 2002లో బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ మూలపడబోతుంటే దాని వాడకందార్లే తలా కొంత వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగేసి సోర్స్ కోడ్‌ని విడిపించి అందరికీ ఉచితం చేసేశారు. దాని ఫలితం ఏమైందయ్యా అంటే 2025లో లాత్వియా నుంచి వచ్చిన ఒక మాటల్లేని పిల్లి సినిమా అందులోనే తయారై ఆస్కార్ కొట్టేసింది. దాంతో ఇప్పుడు ప్రతి క్లయింటూ "సాఫ్ట్‌వేర్ ఫ్రీయే కదండీ, మరి ఈ బిల్లు దేనికి" అని అడుగుతున్నాడు. పిల్లి కూడా డబ్బులేం అడగలేదట.

మనకంటూ ఒక పండగ కూడా ఉంది, అక్టోబర్ 28, అంతర్జాతీయ యానిమేషన్ దినోత్సవం. 1892లో ఆ రోజున పారిస్‌లోని గ్రెవాన్ మ్యూజియంలో ఎమిల్ రెనో అనే ఆయన తను ఒక్కో బొమ్మా చేత్తో రంగులేసుకున్న పొడవాటి పట్టీలని తిప్పుతూ జనానికి మొదటిసారి తెర మీద కదిలే బొమ్మలు చూపించాడు. కాంట్రాక్టు ప్రకారం రోజుకి ఐదేసి షోలు, మిషన్ ఆయనే తిప్పాలి, చెడితే ఆయనే బాగుచేసుకోవాలి. తర్వాత లూమియేర్ సోదరుల సినిమా వచ్చింది, జనం అటు పోయారు, చివరికి ఆయన విసిగి వేసారి తన మిషన్లు పగలగొట్టి పట్టీల్లో చాలావాటిని సెయిన్ నదిలో పారేశాడు. అంటే సొంత టూలు, సొంత మెయింటెనెన్స్, అంతులేని షిఫ్టులు, మార్కెట్లోకి కొత్త టెక్నాలజీ, ఆఖర్న బర్నవుట్, మన కెరీర్ మొత్తం మొదటి మనిషే టెస్ట్ చేసి చూపించి వెళ్లాడు. ఆ రోజుని మనం పోస్టర్లు షేర్ చేసుకుని "హ్యాపీ యానిమేషన్ డే" అని చెప్పుకుంటాం, ఆ పోస్టర్ చేసినవాడికి ఆ వేళ సెలవు ఉండదు.

అయితే యానిమేటర్లు అందరూ ఒకేసారి స్ఫూర్తి పొందిన సందర్భం కూడా ఒకటుంది. 1941 మే 29న డిస్నీ స్టూడియో గేటు దగ్గర. ఆర్ట్ బాబిట్ అని అక్కడి పెద్ద యానిమేటర్లలో ఒకడు, మంచి జీతగాడు, యూనియన్ వైపు నిలబడ్డాడని ఉద్యోగంలోంచి తీసేశారు. పక్క బల్లల వాళ్ల జీతాల్లో తేడాలు, చాలామందికి తెర మీద పేరు కూడా పడకపోవడం, ఇవన్నీ అప్పటికే ఉడుకుతున్నాయి, వందల మంది బయటికి వచ్చి గేటు ముందు నిలబడ్డారు, ఆఖరికి స్టూడియో యూనియన్‌ని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ప్లకార్డులు చూస్తే మతిపోతుంది, ఎంత బాగా గీశారో. గీయరా మరి, ప్రపంచంలోకెల్లా మంచి గీతగాళ్లు, పైన డైరెక్టర్ లేడు, నోట్స్ లేవు, కరెక్షన్స్ లేవు, మొదటి వెర్షనే ఫైనల్.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి కాబోలు, ఈ రోజుల్లో స్టూడియోలే ముందుకొచ్చి కమ్యూనిటీ పనిని తమ చేతుల్లోకి తీసుకుంటున్నాయి. నేను పనిచేసిన ఒక చోట 'మనమంతా ఒకే కుటుంబం' అని ఒక సెషన్ పెట్టారు, హాజరు తప్పనిసరి, ఆ వారం షాట్ల డెడ్‌లైన్ మాత్రం జరపలేదు, కుటుంబం అన్నాక సర్దుకుపోవాలి. బయటినుంచి వచ్చిన ట్రైనర్ గారు ఒకరినొకరు తెలుసుకోండి, మనసు విప్పి మాట్లాడుకోండి అన్నారు. వెనక వరసలో ఒక అమ్మాయి మనసు విప్పి ఓవర్‌టైమ్ డబ్బుల గురించి అడిగింది. చాలా మంచి ప్రశ్నమ్మా అని మెచ్చుకుని దాన్ని వేరే చార్టు మీద రాసిపెట్టారు, చివర్లో మాట్లాడుకుందాం అన్నారు, చివర్లో టైమ్ లేదు.

పోయేముందు అందరికీ ఒక ఫారం ఇచ్చారు, ఈ రోజు సెషన్‌లో మిమ్మల్ని అన్నిటికన్నా ఇన్‌స్పైర్ చేసింది ఏంటి అని. దాదాపు అందరం 'అంతా' అని రాసి ఇచ్చి షాట్లకి పరిగెత్తాం. ఒక్క ఫారంలో మాత్రం, మూడో స్లైడ్‌లో మెట్లెక్కే బొమ్మకి మోకాలు పాప్ అవుతోంది, చూసుకోండి అని ఉందట. పేరు రాయలేదు. హెచ్‌ఆర్ వాళ్లు ఎవరు రాశారో కనుక్కోవాలని చాలా తిరిగారు గానీ మాలో ఒక్కడూ నోరు విప్పలేదు. సాయంత్రం ప్రెజెంటేషన్ ఫైల్ తెప్పించుకుని అందరం ఒకడి మానిటర్ చుట్టూ మూగి ఫ్రేము ఫ్రేముగా చూశాం, నిజంగానే పాప్ అవుతోంది.